పదిహేను రొయ్యలు

"ఇది పరీక్ష కాదమ్మా, ఆటలాంటిదే. పాసూ ఫెయిలూ ఏమీ ఉండవు," అంది కృపారాణి మేడం, స్టాప్‌వాచీ బల్ల మీద పెడుతూ.

లోవమ్మ నమ్మలేదు. పాసూ ఫెయిలూ లేకపోతే ఆ గడియారం ఎందుకంట? పిల్లకి కనపడకుండా అట్ట అడ్డం పెట్టుకుని ఆ రాసుకోవడం ఎందుకంట? చీకటుండగానే భీమవరంలో బస్సెక్కి, తణుకు దాటేలోపు పిల్ల రెండుసార్లు వాంతి చేసుకుంటే కొంగుతో తుడిచి, రాజమండ్రి ఆసుపత్రి మూడో అంతస్తు దాకా చెయ్యి పట్టుకుని మెట్లెక్కించుకొచ్చింది ఆటలాడించడానికా? చదువుకున్నవాళ్లు పెట్టేదాన్ని పరీక్ష అంటారని లోవమ్మకి బాగా తెలుసు. వాళ్లు దాన్ని ఏ పేరుతో పిలిచినా సరే.

గది మూలన ప్లాస్టిక్ స్టూలు మీద ఒదిగి కూర్చుంది. బల్లకి అవతల కృపారాణి, ఇవతల పావని. పన్నెండేళ్ల పిల్ల. ఆపరేషనుకి గొరిగిన వైపు జుట్టు వేలెడు పెరిగింది. కుట్లు కనపడకుండా లోవమ్మ ఆ పక్కన వెడల్పు రిబ్బను కట్టింది.

"బండి మీంచి పడి ఎన్నాళ్లయింది?"

"నాలుగు నెలలండి. చెరువు గట్టు మీద వాళ్ల నాన్న బండి జారిందండి. తల తూము గోడకి కొట్టుకుంది."

"ఎన్నాళ్లు స్పృహ లేదు?"

"తొమ్మిది రోజులండి."

"ఇప్పుడు ఇబ్బంది ఏంటి?"

"ఇబ్బందేం లేదండి. సుబ్బరంగా తింటదండి, తిరుగుతదండి. కాస్త మతిమరుపంతే." చెప్పాక తన గొంతు తనకే పెద్దగా వినిపించింది. దుకాణానికి పంపితే దారి మధ్యలో నిలబడిపోతుందని గానీ, ఒకే మాట గంటలో పదిసార్లు అడుగుతుందని గానీ చెప్పలేదు. చెప్తే రాసేసుకుంటారు. రాసిన మాట ఇక చెరగదు.

కృపారాణి ఒక కాగితం తీసింది. "పావనీ, నేను పదిహేను మాటలు చదువుతాను. అయ్యాక నీకు గుర్తున్నవన్నీ చెప్పాలి. వరస తప్పినా ఫర్వాలేదు. సరేనా తల్లీ?"

మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకునేంత ఎడమిచ్చి చదివింది. తాళం. గొడుగు. చిలుక. మంచం. కుండ. వాన. నిమ్మకాయ. సబ్బు. రైలు. గంట. మేక. దారం. అద్దం. బడి. దీపం.

"తాళం..." అంది పావని. "దీపం. బడి." ఆగిపోయింది. తల తిప్పి అమ్మ కేసి చూసింది.

"అటు కాదమ్మా, నా వైపు చూడు. ఇంకా?"

"ఇంకేంటంటే... ఇప్పుడు నన్నేం చేయమన్నారండి?"

రెండోసారి చదివితే నాలుగు చెప్పింది. మూడోసారీ నాలుగే. మూడోసారి చదవడం అయ్యేసరికి మూలన కూర్చున్న లోవమ్మకి పదిహేనూ వచ్చేశాయి. పెదాలు కదుపుతోందని కృపారాణి ఒకసారి కసురుకుంది కూడా. నోరు మూసుకుని లోపల్లోపలే చెప్పుకుంది. ఇంత తేలికైనవి కూడా చెప్పలేకపోతున్నావేమే నా తల్లీ, అనుకుంది.

నాలుగోసారి మొదలుపెట్టేసరికి పక్క గదిలో గోడకి డ్రిల్లింగ్ పెట్టారు. ఏసీ బిగిస్తున్నారు కాబోలు. పావని రెండు చెవులూ మూసుకుని బల్ల మీద తల వాల్చేసి, "నొప్పి, నొప్పి" అని ఏడుపందుకుంది. కృపారాణి విసురుగా వెళ్లి వాళ్లతో గొడవపడి వచ్చింది గానీ ఆ చప్పుడు ఆగలేదు.

"ఈ పరిస్థితిలో చేసినా లెక్కలోకి రాదమ్మా. శుక్రవారం మళ్లీ రండి, మొదట్నుంచీ చేద్దాం," అంది కాగితాలు సర్దుతూ. తర్వాత తనలో తను అనుకుంటున్నట్టుగా, "ఇంకో లిస్టుంటే బావుండేది. తెలుగులో నా దగ్గరున్నది ఇదొక్కటే," అని, పావని కేసి చూసి, "పోన్లే, నాలుగు రోజులకి దీనికేం గుర్తుంటాయిలే," అంది.

ఆ మాట లోవమ్మకి గుచ్చుకుంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"మేడంగారండి, మార్కులు ఎన్నొచ్చినయ్యండి?"

"మార్కులు కావమ్మా అవి."

"పోనీ ఎన్నో చెప్పండి."

"పదిహేనింటికి నాలుగు."

నాలుగు! స్కూల్లో అయితే నూటికి ముప్పై అయిదు రాకపోతేనే తప్పినట్టు. ఇది అంతకన్నా కిందే. బస్సులో పావని ఆమె ఒడిలో తలపెట్టుకుని నిద్రపోయింది. లోవమ్మ మాత్రం రావులపాలెం వంతెన మీద కూడా గోదారి కేసి చూడలేదు. స్కూలు హెడ్మిస్ట్రెస్ మాణిక్యాంబగారు, "మెమరీ డాక్టరు దగ్గర రిపోర్టు పట్రా లోవమ్మా, అది చూశాక ఏంటన్నది ఆలోచిద్దాం," అన్నారు. లెక్కల మాస్టారు పల్లంరాజుగారైతే అంత నాజూగ్గా చెప్పలేదు. నోట్సు రాయలేదని పిల్లని ఎండలో నిలబెట్టి, "దెబ్బ ఎప్పుడో మానింది, ఇప్పుడు ఆడేది నాటకాలే. కాదూ నిజంగానే మతి లేదంటే ఇంట్లో పెట్టుకోండి, బడికెందుకు?" అని అందరి ముందూ అన్నాడు. ఇక లోవమ్మకి అర్థం కానిదేముంది? రిపోర్టులో నాలుగు అని ఉంటే పేరు కొట్టేస్తారు. దానికో సాకు కావాలి, ఆ సాకు తెమ్మని తననే పంపారు. చక్కగా తెచ్చిస్తుందనుకున్నారు కాబోలు!

*

రొయ్యలు ఒలిచే షెడ్డుకి ఆ వారం సెలవు చెప్పింది. మంగళవారం పొద్దున్నే మొగుడు గంగాధర్ చెరువు నుంచి గ్రేడు తప్పిన చిన్న రొయ్యలు ఒక కవరులో తెచ్చి అరుగు మీద పెట్టి, ఎప్పటిలాగే పిల్ల మొహం చూడకుండా లోపలికి వెళ్లిపోయాడు. ఆ రోజు బండి నడిపింది అతనే. నాలుగు నెలలుగా పావనితో అతను గోడకేసి చూస్తూనే మాట్లాడుతున్నాడు.

మొదట లోవమ్మ మామూలుగానే వల్లెవేయించబోయింది. తాళం అను. గొడుగు అను. పది నిమిషాలయ్యేసరికి తాళం కూడా పోయింది. పిల్ల బిక్కమొహం వేసింది. లోవమ్మకి కోపం ముంచుకొచ్చి చెయ్యెత్తబోయి, ఆ చేత్తోనే రొయ్యల కవరు లాక్కుంది. ఏదో ఒకటి చెయ్యకపోతే కొట్టేస్తానని భయమేసింది.

ఆమె ఒలుస్తుంటే పావని కూడా వచ్చి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఎవరూ చెప్పకుండానే ఒక రొయ్య తీసుకుంది. తల తుంచింది. బొటనవేలితో పెంకు ఒలిచింది. వెన్ను మీది నల్లనరం గోటితో పట్టుకుని ఒక్క లాగు లాగింది. నరం తెగకుండా మొత్తం వచ్చేసింది. లోవమ్మ తన పని మర్చిపోయి చూసింది. ఈ పిల్లకి రొయ్య ఒలవడం నేర్పింది ఏడో ఏట. మాటలు పోయాయి గానీ వేళ్లకి పని పోలేదు.

స్టీలు పళ్లెం బోర్లించి దాని మీద పదిహేను రొయ్యలు వరసగా పేర్చింది.

"ఇదిగో, ఇది తాళం. తల తుంచు, తాళం అను. ఆఁ. ఇది గొడుగు. ఒలువు, గొడుగు అను."

"రొయ్యని గొడుగంటారేంటమ్మా?" అని నవ్వింది పావని.

"అంటారులే, నువ్వను!"

ఒక్కో రొయ్యకి ఒక్కో మాట. వరస అయిపోగానే మళ్లీ పదిహేను. ఆ పూట కూర మూడిళ్లకి సరిపోయేంత అయింది. బుధవారం సాయంత్రానికి ఏడు మాటలు నిలబడ్డాయి. గురువారం పొద్దున్న పదకొండు. గురువారం మధ్యాహ్నం ఆ రోజు తెచ్చిన రొయ్యలు అయిపోతే, వట్టి చేతులతో గాల్లో ఒలిపించింది. పావని వేళ్లు కదులుతున్నాయి, నోట్లోంచి మాటలు వస్తున్నాయి. సబ్బు, రైలు, గంట, మేక, దారం, అద్దం, బడి, దీపం. పదిహేనూ!

"నా బంగారుతల్లే, నా బుజ్జిముండే!" అని లోవమ్మ పిల్లని కావిలించుకుని ఏడ్చేసింది. గంగాధర్ బయటికొచ్చాడు. ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పింది. మళ్లీ చెప్పమన్నాడు. మూడోసారి వింటున్నప్పుడు పిల్ల మొహంలోకి సూటిగా చూశాడు.

"వచ్చేసినట్టేనంటావేంటే?" అన్నాడు పెళ్లాంతో, నెమ్మదిగా.

"రాక చస్తదా. దారిలో పడింది."

గంట తర్వాత ఉప్పు ప్యాకెట్టు తెమ్మని రెండిళ్ల అవతలి దుకాణానికి పంపితే పావని వట్టి చేతులతో తిరిగొచ్చి, "నన్నెక్కడికి పంపావమ్మా?" అంది. గంగాధర్ తలొంచుకున్నాడు. లోవమ్మ తనే వెళ్లి ఉప్పు తెచ్చుకుంది. ఈ వేళ బాగా అలిసిపోయింది పాపం అని దారంతా తనకి తనే చెప్పుకుంది.

*

శుక్రవారం డ్రిల్లింగు లేదు. కృపారాణి మాటలు చదవడం పూర్తి చేసి పెన్సిలు పట్టుకుంది. పావని ఆగకుండా, తడుముకోకుండా, చదివిన వరసలోనే పదిహేనూ చెప్పేసి, "అయిపోయినయ్యండి," అంది.

కృపారాణి పెన్సిలు కిందపెట్టింది. తర్వాత అంకెల్ని వరసగా గీతతో కలిపే కాగితం ఇచ్చింది. అందులో పావని రెండుసార్లు తప్పిపోయి, గడువు దాటాక గానీ చివరి అంకె చేరలేదు. రంగు చెక్కలు బొమ్మలో ఉన్నట్టు పేర్చమంటే సగం పేర్చి, మిగిలినవాటితో ఇల్లు కట్టుకుంది. అరగంట గడిచాక, "ఇందాక మనం చెప్పుకున్న మాటలు గుర్తున్నాయా?" అనడిగితే మళ్లీ పదిహేనూ వరస తప్పకుండా వచ్చాయి. ఈసారి కృపారాణి మాటలు వినడం మానేసి బల్ల కిందికి వంగి చూసింది. ఒడిలో పావని వేళ్లు చకచకా కదులుతున్నాయి. తుంచుతున్నాయి, ఒలుస్తున్నాయి, లాగుతున్నాయి.

"పావనీ, కాసేపు బయట కూర్చో తల్లీ." తలుపు మూసి లోవమ్మ వైపు తిరిగింది. "ఇంట్లో ఏమైనా నేర్పించావా అమ్మా?"

"లేదండి."

"నిజం చెప్పు. నేనేమీ అనను. నేర్పించి ఉంటే ఈ రిపోర్టుకి అర్థం లేదు, అందుకని అడుగుతున్నా."

అర్థం లేదంటే మళ్లీ నాలుగు వేస్తుందన్నమాట! లోవమ్మ తల అడ్డంగా ఊపింది. "లేదండి. నాకేం చదువొచ్చని నేర్పుతానండి? ఏ దేవుడో కరుణించాడండి."

"పిల్ల చేతులు ఎందుకలా ఆడుతున్నాయి?"

"అదస్తమానం అంతేనండి. పిల్ల మీద ఒట్టండి మేడంగారండి, నేనేం నేర్పలేదు."

ఒట్టు నోట్లోంచి వచ్చేశాక లోవమ్మ నాలిక్కరుచుకుంది. కృపారాణి తలుపు కేసి చూసింది. బయట బెంచీల మీద ఇంకా పదకొండుమంది ఉన్నారు. ఆవిడ మధ్యాహ్నం అన్నం డబ్బా కిటికీలో మూత కూడా తీయకుండా ఉంది. కళ్లజోడు తీసి కళ్లు నలుపుకుని, "ఈ వారంలో నేను రాసే మంచి రిపోర్టు ఇదొక్కటే," అంటూ రాసింది. పనిలో కొంచెం నిదానం ఉందనీ, జ్ఞాపకశక్తి వయసుకి తగ్గట్టే ఉందనీ, అందరితోపాటు మామూలు తరగతిలో కొనసాగవచ్చుననీ చదివి వినిపించి ముద్ర వేసింది. లోవమ్మ ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి జాకెట్టులో దోపుకుంది.

*

సోమవారం తొమ్మిదిన్నరకి మాణిక్యాంబగారి గదిలో లోవమ్మ ఆ కవరు రెండు చేతులతో అందించింది. పావని యూనిఫాం వేసుకుని, సంచీ తగిలించుకుని పక్కనే నిలబడింది.

మాణిక్యాంబగారు కాగితం ఒకసారి చదివారు. తిప్పి వెనకాల ఏమైనా ఉందేమోనని చూశారు. మళ్లీ చదివారు.

"ఇదేంటి లోవమ్మా? పిల్ల బానే ఉందని రాశారే."

"ఆయ్, బానే ఉందండి. పదిహేనుకి పదిహేనండి."

"మంచిదే. కానీ నేనింకోలా అనుకున్నాను." బల్ల మీది ఫారం ఒకటి ముందుకి జరిపారు. "ప్రత్యేక టీచరు వారానికి మూడు రోజులు వచ్చి ఇలాంటి పిల్లల్ని విడిగా కూర్చోబెట్టుకుంటుంది. పరీక్షలకి ఎక్కువ టైమిస్తారు, పక్కన రాసిపెట్టే మనిషినిస్తారు. ఎవరూ కొట్టకూడదు, నిలబెట్టకూడదు. మన స్కూలుకి ఒక్క పేరు ఇచ్చే వీలుంది. పావని పేరు పెడదామని ఇన్నాళ్లు ఆపాను. దానికే రిపోర్టు తెమ్మన్నాను. లిస్టు ఇవాళ సాయంత్రం పంపించెయ్యాలి."

లోవమ్మకి మాటలు చెవిలో పడుతున్నాయి గానీ ఒక పట్టాన లోపలికి దిగలేదు.

"అంటే... మార్కులు తక్కువొస్తేనే ఉంచుకుంటారాండి?"

"మార్కులేంటి లోవమ్మా! పిల్లకి కష్టంగా ఉందని కాగితం ఉంటే సాయం ఇస్తారు. ఇందులో ఏ కష్టమూ లేదని ఉంది. ఇక పల్లంరాజుగారు కోప్పడితే నేను మాత్రం ఏమనగలను? నాటకాలని ఆయన అంటూనే ఉన్నాడు, డాక్టరూ అదే రాసిచ్చినట్టయింది."

"కొంప ముంచుకున్నానండీ!" అని లోవమ్మ నేల మీద కూలబడింది. రొయ్యలు, పళ్లెం, మూడు రోజుల వల్లెవేత, ఒట్టు, అన్నీ ఏకరువు పెట్టేసింది. సిగ్గు లేకుండా చెప్పింది. పావని సంచీ తాడు మెలిపెట్టుకుంటూ, ఎవరి సంగతో విన్నట్టు విన్నది.

మాణిక్యాంబగారు రిపోర్టు మీది నంబరుకి ఫోన్ చేసి స్పీకరు పెట్టారు. అవతల కృపారాణి అంతా చివరిదాకా విన్నది.

"ఒట్టేశావు కదమ్మా," అంది. ఆ గొంతులో కోపం లేదు. "ఆ లిస్టు ఇంక ఈ పిల్లకి పనికిరాదు. దాని వేళ్లలోకి ఎక్కిపోయింది. ఏడాది ఆగితే గానీ మళ్లీ పెట్టలేను. పెట్టకుండా రాయలేను."

"ఈ రిపోర్టు రద్దు చేస్తే?" అన్నారు మాణిక్యాంబగారు.

"చేస్తానండి. అప్పుడు మీ చేతిలో ఏ రిపోర్టూ ఉండదు."

ఫోను పెట్టేశారు. మాణిక్యాంబగారు చెడ్డమనిషి కాదు. ఫారం తిప్పి చివరి గడి వెతికారు. "ఇక్కడ ప్రధానోపాధ్యాయురాలు స్వయంగా గమనించిన లోపం అని ఉంది. కాగితం లేకపోయినా, నా కళ్లతో చూశానంటే నా పూచీ మీద రాయొచ్చు. కానీ చూడకుండా రాయను లోవమ్మా, నా సంతకం అది. మాటలు నేర్పినట్టు ఇది కూడా నేర్పలేదని నాకేంటి నమ్మకం? ఏదీ, నా ముందు అడుగు. దానికి రానిది ఏదో ఒకటి అడుగు."

లోవమ్మ లేచి నిలబడింది. రానివి ఎన్ని లేవు! వాటిలో ఎన్నడూ రానిది ఒకటుంది. ఆసుపత్రి నుంచి వచ్చినప్పట్నుంచీ రోజూ పొద్దున అడుగుతున్న ప్రశ్న. ఒక్కనాడూ సరైన జవాబు రాలేదు. ఒక్కోనాడు అన్నం అంటుంది, ఒక్కోనాడు ఏమో అంటుంది, ఒక్కోనాడు ఏడుస్తుంది. ఇవాళ ఆలస్యమైపోయిందని పిల్లకి బస్టాపు దగ్గరి హోటల్లో పెట్టించింది. ఇంకా గంట కూడా కాలేదు.

"పొద్దున ఏం తిన్నావే పావనీ?"

ఆ పిల్ల ఎప్పటిలాగే అమ్మ కేసి చూసింది. కనుబొమలు ముడిపడ్డాయి. వద్దే తల్లీ, గుర్తు రానివ్వకు, అని లోవమ్మ మనసులో దణ్ణం పెట్టుకుంది. ఇలాంటి దణ్ణం పెట్టుకోవాల్సి వస్తుందని ఎవరు మాత్రం అనుకున్నారు?

"దిబ్బరొట్టి," అంది పావని. ఆగి, ఇంకొంచెం వెతుక్కుని, "చెరుకు పానకం. చాల్లేదంటే ఆయన మళ్లీ పోశాడు. నువ్వు తినలేదు."

ఒక్క అక్షరం పొల్లు పోలేదు. నాలుగు నెలల్లో మొదటిసారి. లోవమ్మకి పిల్లని ఎత్తుకుని స్కూలంతా తిప్పాలనిపించింది. అదే నిమిషంలో ఫారం మీద ఆగి ఉన్న పెన్ను కనిపించింది.

"కరెక్టేనా అమ్మా?" అని అడిగింది పావని. మొహం వెలిగిపోతోంది.

"తప్పు," అంది లోవమ్మ.

"తప్పా?"

"తప్పే. పొద్దున నువ్వేం తినలేదు. ఏం తినకుండానే వచ్చేశాం."

పావని మొహంలో వెలుగు నిలబడలేదు. ఎదురు చెప్పడానికి దాని దగ్గరేముంది? అమ్మ చెప్పిందే నిజం. తలూపి, మాణిక్యాంబగారి వైపు తిరిగి, "మర్చిపోయానండి," అంది నెమ్మదిగా.

మాణిక్యాంబగారు పిల్ల చొక్కా చేతి మడత వైపు చూశారు. అక్కడ పానకం ఒలికిన మరక ఇంకా ఆరలేదు. ఒక ఈగ దాని మీద వాలుతూ లేస్తూ ఉంది. ఆవిడ పెన్నుకి మూత పెట్టారు.

"అలా చెయ్యకు లోవమ్మా," అన్నారు. "మొదటి పీరియడు పల్లంరాజుగారిదే. ఆలస్యమైతే మళ్లీ నిలబెడతారు. పంపించు."

వరండాలో లోవమ్మ పిల్ల సంచీ సర్దింది, రిబ్బను సర్దింది, ఇంకా సర్దడానికేమీ దొరకలేదు. ఏడో తరగతి గదిలోంచి ఎక్కాలు వినపడుతున్నాయి. పావని గుమ్మం దాకా వెళ్లి, ఏదో తట్టినట్టు వెనక్కి వచ్చింది. అరచెయ్యి పొట్ట మీద ఆనించుకుంది.

"అందుకేనమ్మా, నాకింత ఆకలేస్తోంది," అంది.